పాఠకుల ప్రశ్నలు: కుటుంబ ఫొటోకు పిల్లలను సిద్ధం చేయడం ఎలా?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో మా మామగారి షష్టిపూర్తి చేస్తున్నాం. విదేశంలో ఉంటున్న మా మరిది కుటుంబం కూడా వస్తోంది కనుక, రాజమహేంద్రవరంలో గోదావరి ఘాట్ దగ్గర అందరం కలిసి ఫొటోలు తీయించుకోవాలనుకుంటున్నాం. మా పాపకు ఆరేళ్ళు. ఈమధ్యే ముందుపళ్ళు రెండూ ఊడాయి, కెమెరా కనబడితే పెదాలు బిగించేస్తోంది. బాబుకు రెండున్నరేళ్ళు. క్రితంసారి స్టూడియోలో ఫ్లాష్ వెలగగానే ఏడుపు అందుకుని చివరిదాకా ఆపలేదు. మామగారికేమో అందరూ వరుసగా నిలబడి నవ్వుతున్న ఫొటో కావాలి. పిల్లలను ముందునుంచే ఎలా సిద్ధం చేయాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మొదట ఆ రోజు వేళలను పిల్లలకు అనువుగా కుదుర్చుకోండి. సంక్రాంతి రోజుల్లో మీ ఊళ్ళో సూర్యాస్తమయం 5.50కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, 4.30 నుంచి 5.30 వరకు ఫొటోలకు మంచి వెలుగు దొరుకుతుంది. ఇంటినిండా చుట్టాలున్న రోజున ముందుగా దెబ్బతినేది చంటిపిల్లల మధ్యాహ్నం నిద్రే. ఎవరు ఏమనుకున్నా సరే, బాబును వేళకు పడుకోబెట్టి, మూడింటికల్లా లేచేలా చూసి, కడుపునిండా తినిపించాకే బయలుదేరండి.

మీ ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కనుక సాయంత్రపు ఎండ నది మీదుగా, కొవ్వూరు వైపు నుంచి వస్తుంది. మీరంతా నదికి ఎదురుగా నిలబడితే ఆ ఎండ సూటిగా కళ్ళలో పడి పిల్లలు ముఖం చిట్లిస్తారు. అది తెలియక పెద్దవాళ్ళు ‘సరిగ్గా చూడవేం’ అని కసురుకుంటారు, అక్కడితో పిల్లల సరదా పోతుంది. నదికి వీపు పెట్టి నిలబడితే కళ్ళకు బాధ ఉండదు, వెనక గోదావరీ కనబడుతుంది. ముఖాలు నల్లగా రాకుండా చూసుకోమనీ, ఫ్లాష్ వాడవద్దనీ ఫొటోగ్రాఫర్‌కు ముందే చెప్పండి. నీటి అంచుకు వెళ్ళకుండా పై మెట్ల దగ్గరే ఉండండి. ఫొటోలో లేని ఒక పెద్దమనిషికి, పక్కింటి పిన్నిగారికైనా సరే, పిల్లలను కనిపెట్టి ఉండే పని అప్పగించండి.

బాబు ఏడ్చింది మొండితనంతో కాదు. కొత్త చోటు, కొత్త మనిషి, ఉన్నట్టుండి కళ్ళలో పడ్డ వెలుగు, ఈ మూడూ ఒక్కసారే ఎదురైతే రెండున్నరేళ్ళ పిల్లవాడు బెదరడం సహజం. వాటిని ఒక్కొక్కటిగా పరిచయం చేయండి. వారం ముందు ఒక సాయంత్రం ఊరికే ఘాట్‌కు తీసుకెళ్ళి, మెట్లు ఎక్కించి, వంతెన మీద రైలును చూపించి తీసుకురండి. ఇంట్లో మీ ఫోను వాడి చేతికిచ్చి నాన్నమ్మను ఫొటో తీయమనండి. తాను తీసిన బొమ్మను చూసుకున్న పిల్లవాడికి కెమెరా మీద భయం చాలావరకు పోతుంది. ఆ రోజు ఫొటోగ్రాఫర్‌ను పదిహేను నిమిషాలు ముందుగా రమ్మని, కెమెరా మెడలో ఉన్నా ఫొటోలు తీయకుండా బాబుతో కాసేపు ఆడమని అడగండి. పిల్లలతో పని తెలిసిన వారెవరైనా దీనికి సంతోషంగా ఒప్పుకుంటారు. ‘ఏడిస్తే ఆ అంకుల్ ఎత్తుకుపోతాడు’ అనే మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ‘నవ్వితే చాక్లెట్’ అనడం కూడా మంచిది కాదు, ఎందుకంటే నవ్వు పోయి చాక్లెట్టే గుర్తుండిపోతుంది.

పాప సంగతి వేరు. ఆరేడేళ్ళకు పాలపళ్ళు ఊడే పిల్లలను ‘తొర్రిపళ్ళు’ అని ఆటపట్టించడం మన ఇళ్ళలో మామూలే. అనేవాళ్ళకు అది ముద్దుమాటే కావచ్చు, కానీ ఆ పిల్ల పెదాలు బిగించుకోవడానికి కారణం అదేనని నా నమ్మకం. ఇవాళ్టినుంచే ఆ మాట మానండి, వచ్చే చుట్టాలకూ ఫోనులోనే చెప్పి ఉంచండి. అదే వయసులో పళ్ళూడిన మీ ఫొటోగానీ, మీ వారిదిగానీ ఉంటే తీసి చూపించండి. ఇక ‘నవ్వు, నవ్వు’ అనడం కంటే ఆమెకు ఏదైనా పని అప్పగించడం మేలు. బాబాయి కూతురితో చెమ్మచెక్క ఆడమనండి, తాతయ్య చెవిలో ఒక రహస్యం చెప్పమనండి. ఆయన ముఖంలో నవ్వు చూసి ఆమె నవ్వే నవ్వును ఎవరూ అడిగి రప్పించలేరు.

కొత్త పట్టు లంగాను ఆ రోజే మొదటిసారి తొడగవద్దు. జాకెట్టు కుట్ల దగ్గర జరీ లోపలివైపు గుచ్చుకుంటుంది, పిల్ల ఫొటోలన్నిటిలో మెడ గోక్కుంటూనే ఉంటుంది. ఒకసారి ఇంట్లో అరగంట వేసి చూసి, గుచ్చుకునేచోట మెత్తటి నూలు గుడ్డ కుట్టించండి. బాబుకు జారిపోని ఎలాస్టిక్ పంచె చాలు.

ఘాట్ దగ్గర పెద్దల వరుస పూర్తిగా కుదిరాకే పిల్లలను తీసుకురండి. ఎవరు ఎక్కడ నిలబడాలో తేలేలోపే వాళ్ళ ఓపిక అయిపోతుంది. కుటుంబ ఫొటోలు పాడవడానికి పిల్లలకంటే పెద్దలే ఎక్కువ కారణం: ఫొటోగ్రాఫర్ మీట నొక్కే క్షణంలో నలుగురైదుగురు బాబు వైపు తిరిగి ‘ఇటు చూడు నాన్నా’ అంటుంటారు, తీరా బాబు చూసే సమయానికి కెమెరాను చూసేవారు మరొకరు ఉండరు. పిల్లలను పిలిచే పని ఫొటోగ్రాఫర్‌కే వదిలేసి, మిగిలిన అందరూ కెమెరానే చూస్తుండాలని బయలుదేరే ముందే అనుకోండి. మామగారు కోరిన వరుస ఫొటో మొదటే తీయించేస్తే ఆయన మనసూ కుదుటపడుతుంది, ఆ తర్వాత పిల్లలు పరిగెత్తినా ఆయనకు అభ్యంతరం ఉండదు. బాబు మళ్ళీ ఏడిస్తే చుట్టూ గుమిగూడకుండా మీరొక్కరే పక్కకు తీసుకెళ్ళండి, ఈలోగా పెద్దల ఫొటోలు తీయించవచ్చు. అప్పటికీ ఊరుకోకపోతే నాన్నమ్మ భుజం మీద తలవాల్చి ఉండగానే తీయించండి. షష్టిపూర్తి ఆల్బమ్‌లో ఆ ఫొటో ఉండటం తప్పేమీ కాదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్ళు. కుటుంబ ఫొటో అంటేనే రానంటున్నాడు. బలవంతపెట్టవచ్చా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: బలవంతపెట్టవద్దండీ. ఈ వయసులో మొటిమలు, మారుతున్న గొంతు, కొత్తగా వచ్చిన పొడవు పిల్లలను లోలోపల ఇబ్బంది పెడతాయి. దానికితోడు ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళి తోటివాళ్ళ కంట పడుతుందేమోనన్న భయం ఉంటుంది. అతనితో ఒంటరిగా మాట్లాడి, అతను సరేనన్న ఫొటో తప్ప మరేదీ ఎవరికీ పంపమని మాటివ్వండి, ఆ మాట తప్పకండి. బట్టలు అతన్నే ఎంచుకోనివ్వండి. అందరితో కలిసి ఒక్క ఫొటోకు పది నిమిషాలు నిలబడితే చాలనీ, ఆ తర్వాత వెళ్ళిపోవచ్చనీ చెప్పండి. ఆ పది నిమిషాలు కాగానే నిజంగానే వెళ్ళనివ్వండి.