గుర్రం బెదిరినప్పుడు జీను మీద ఎలా నిలదొక్కుకోవాలి?

నాలుగు నెలలుగా రైడింగ్ నేర్చుకుంటున్నానని, పోయిన ఆదివారం ప్లాస్టిక్ సంచి ఎగిరితే గుర్రం ఉన్నట్టుండి పక్కకు దూకిందని, మోకాళ్ళతో ఎంత గట్టిగా పట్టుకున్నా పడిపోయానని రాశారు. అలా పట్టుకున్నందుకే పడ్డారేమో! నేనూ అచ్చం అలాగే పడ్డాను.

నేను మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌లో నేర్చుకున్నాను. నాకు ఇచ్చింది రేసుల నుంచి రిటైరైన గుర్రం, మహా నెమ్మది. డిసెంబరులో ఒక పొద్దున ట్రాట్‌లో, అంటే దుడుకు నడకలో, తిరిగి వస్తున్నాం. దారికి కుడి పక్కన ఇటుకల మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంది. వెళ్ళేటప్పుడు గుర్రం దాన్ని కన్నెత్తి కూడా చూడలేదు. వచ్చేటప్పుడు గాలికి ఆ పట్టా అంచు టప్‌మని లేచింది. అంతే, గుర్రం ఎడమకు ఒక్క దూకు దూకింది. నేను దాని మెడ మీద వాలిపోయాను, పాదం పెట్టుకునే రికాబు ఒకటి కాలి నుంచి జారింది.

కానీ ఆ దూకుకు నేను పడలేదు. ఆ తర్వాత చేసిన పనికి పడ్డాను. బంతిలా ముందుకు ముడుచుకుపోయి, మోకాళ్ళు బిగించి, పగ్గాలు పట్టుకుని వేలాడాను. మోకాళ్ళు బిగిస్తే మడమలు పైకి లేస్తాయి కదా, అవి వెళ్ళి దాని డొక్కల్లో గుచ్చుకున్నాయి. గుర్రం పరుగు లంఘించుకుంది. నాలుగో అంగలో నేను దాని కుడి భుజం మీదుగా నేల మీదికొచ్చాను. గుర్రాల్ని చూసుకునే మా సైసు దాన్ని పట్టుకొచ్చి తాపీగా అన్నాడు: "ముందుకు వంగి, మడమలతో పొడిచి, పగ్గం బిగబట్టారు సార్. రేసు గుర్రానికి అట్ల చేస్తే ఉరకమన్నట్టే కదా!" నిజమే. పగ్గం బిగిస్తే దాని మీద ఆనుకుని ఇంకా జోరుగా పోవడమే ఆ గుర్రాలకు అలవాటు.

తడి సబ్బును గట్టిగా పిసికితే చేతిలోంచి పైకి జారిపోతుంది చూడండి, మోకాళ్ళు బిగిస్తే జీను మీద మనమూ అంతే. కాళ్ళు కిందికి వేలాడాలి, బరువు మడమల్లోకి దిగాలి. భుజాలు వెనక్కి, చూపు ఎదరకి. ఊపిరి గట్టిగా బయటికి వదలండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఊపిరి బిగబడితే నడుము కొయ్యబారిపోతుంది, మన టెన్షన్ గుర్రానికి తెలిసిపోతుంది.

చేతులు ఏదో ఒకటి పట్టుకోకుండా ఉండవు. పగ్గాలు పట్టుకుని వేలాడితే దాని నోరు నొప్పి పుడుతుంది. అందుకే పాత రికాబు తోలుపట్టీ ఒకటి గుర్రం మెడకు వదులుగా కట్టించుకున్నాను. బెదిరితే ఒక చేత్తో దాన్ని పట్టుకుంటాను. పట్టీ లేకపోతే జూలు గుప్పిట్లో బిగించండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఇవన్నీ ఆ అర సెకనులో ఆలోచించి చేసేవి కావు. నాకు పనికొచ్చింది, మాస్టారు పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే రికాబులు లేకుండా కూర్చోవడం. రెండు నెలలు, వారానికి రెండుసార్లు. తొడలు పచ్చి పుండయ్యాయి. కానీ నడుము గుర్రంతో పాటు కదలడం అప్పుడే వచ్చింది.

గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోక వెనక మాత్రం కనిపించదు. ఒక వైపు నుంచి చూసిన వస్తువే రెండో వైపు నుంచి వస్తే దానికి కొత్తగా అనిపించొచ్చు. మన టార్పాలిన్ కథ అదే. చాలాసార్లు ముందే చెబుతుంది కూడా: చెవులు ఒకే చోటికి నిక్కుతాయి, మెడ లేస్తుంది, అడుగు పొట్టిదవుతుంది. అది కనిపించగానే దాని తలను ఆ వస్తువు లేని పక్కకు కొంచెం తిప్పి నడిపించండి. మీరు మాత్రం ఆ వస్తువు వైపు గుడ్లప్పగించి చూడకండి.

పరుగందుకుంటే రెండు పగ్గాలూ ఒకేసారి గుంజకండి. నిటారుగా కూర్చుని, ఒక పగ్గం లాగుతూ వదులుతూ పెద్ద వలయంలో తిప్పి, దాన్ని క్రమంగా చిన్నది చేయండి. పూర్తి వేగంలో ఉన్నప్పుడు తలను ఒక్కసారిగా పక్కకు గుంజితే గుర్రమే కాళ్ళు తడబడి పడొచ్చు.

ఇంకొకటి, మీరు స్పోర్ట్స్ షూస్‌తో వెళ్తున్నానని రాశారు. దయచేసి మానేయండి. మడమ లేని బూటు రికాబులోంచి అవతలికి దూరిపోతుంది, పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. పోయిన ఆదివారం హెల్మెట్ నేలకు తగిలి ఉంటే, పగులు కనిపించకపోయినా కొత్తది కొనండి.

ఆ టార్పాలిన్ ఇంకా అక్కడే ఉంది. గుర్రం ఇప్పుడు దాన్ని పట్టించుకోవడం లేదు. నేను మాత్రం అక్కడికి రాగానే మెడ పట్టీ కిందికి ఒక వేలు దూర్చి పెట్టుకుంటాను.