రన్‌టైమ్ మాత్రమే ఇన్‌స్టాల్ చేయమంటే?

ప్రశ్న: ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. సీ ప్లస్ ప్లస్ బాగానే వచ్చు. ఒక ఇంటర్వ్యూలో సీమేక్ (బిల్డ్ పనిని నడిపించే సాధనం) ప్రాజెక్టు ఇచ్చి, రన్‌టైమ్ భాగం (ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన ఫైళ్లు) మాత్రమే ఇన్‌స్టాల్ చేయమన్నారు. మొత్తం ఇన్‌స్టాల్ చేయడమే తప్ప నాకింకేమీ తెలియదు. బిల్డ్ సిస్టమ్ నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: తప్పకుండా నేర్చుకోండి. బిల్డ్, రిలీజ్, ఎంబెడెడ్ లినక్స్ ఉద్యోగాల్లో ఇది నిత్యం తగిలే పని. ప్రోగ్రామ్ నడిపేవారికి, కంపైల్ చేసేటప్పుడే కావలసిన హెడర్ ఫైళ్లతో పనిలేదు. చిన్న పరికరాల్లోనైతే వాటికి చోటు కూడా దండగే.

ఒక షేర్డ్ లైబ్రరీ, దాని హెడర్, దాన్ని వాడే ప్రోగ్రామ్: సాధనకు ఇంత ప్రాజెక్టు చాలు. ప్రతి ఇన్‌స్టాల్ ఆదేశంలోనూ కాంపోనెంట్ (కలిపి ఇన్‌స్టాల్ అయ్యే ఫైళ్ల గుంపు) పేరు రాయండి. ప్రోగ్రామ్, లైబ్రరీ రన్‌టైమ్‌లోకి, హెడర్ డెవలప్‌మెంట్‌లోకి వెళ్లాలి. పేరు పెట్టకుండా వదిలేసినవి ‘అన్‌స్పెసిఫైడ్’ అనే కాంపోనెంట్‌లో చేరతాయి. బిల్డ్ అయ్యాక సీమేక్‌ను ఇన్‌స్టాల్ ఆప్షన్‌తో పిలిచి, బిల్డ్ ఫోల్డర్, కాంపోనెంట్ పేరు, ప్రిఫిక్స్‌గా (ఫైళ్లు చేరాల్సిన చోటుగా) ఒక ఖాళీ ఫోల్డర్ ఇవ్వండి. ఈ ఆప్షన్ 3.15 వెర్షన్ నుంచి ఉంది. ఇది బిల్డ్ చేయదు, ఉన్న ఫైళ్లను కాపీ చేస్తుందంతే. బిల్డ్ మరిచిపోతే ఫైలు దొరకలేదంటూ ఆగిపోతుంది.

చాలామంది బోల్తా పడేది పేరు దగ్గరే. ఒకచోట పెద్ద అక్షరంతో, మరోచోట చిన్న అక్షరంతో మొదలుపెడితే అవి రెండు వేర్వేరు కాంపోనెంట్లు. లేని పేరు ఇచ్చినా ఎర్రర్ రాదు, ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది. అందుకే ప్రతిసారీ బిల్డ్ ఫోల్డర్‌లో ఆ కాంపోనెంట్ పేరుతో పడే ఇన్‌స్టాల్ మ్యానిఫెస్ట్ ఫైలు తెరవండి. ఏ ఫైలు ఎక్కడికి వెళ్లిందో అందులో వరసగా ఉంటుంది.

లైబ్రరీకి వెర్షన్ పెడితే లినక్స్‌లో ఇంకో చిక్కు వస్తుంది. వెర్షన్ 1 అనుకుంటే, చివర 1 ఉన్న ఎస్ఓ (షేర్డ్ లైబ్రరీ) ఫైలు ప్రోగ్రామ్ నడవడానికి కావాలి. అంకె లేని లింకు కంపైల్ చేసేవారికే కావాలి. ఆ లింకును డెవలప్‌మెంట్‌లోకి పంపడానికి నేమ్‌లింక్ కాంపోనెంట్ అనే ఆప్షన్ ఉంది, 3.12 నుంచి.

అన్నీ సరిగ్గా చేసినా, కొత్త ఫోల్డర్‌లోంచి నడిపితే లైబ్రరీ దొరకలేదని ప్రోగ్రామ్ మొరాయించవచ్చు. కాంపోనెంట్లలో తప్పు వెతుకుతూ ఇక్కడ గంటలు పోగొట్టుకోకండి. బిల్డ్ సమయంలో పెట్టిన ఆర్‌పాత్‌ను (లైబ్రరీని ఎక్కడ వెతకాలో ప్రోగ్రామ్‌లోనే రాసి ఉండే దారిని) ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీమేక్ తీసేస్తుంది. ప్రోగ్రామ్ ఉన్న చోటు నుంచి లిబ్ ఫోల్డర్‌కు దారి చూపేలా ఇన్‌స్టాల్ ఆర్‌పాత్ మీరే పెట్టాలి. లైబ్రరీని వేరే కాంపోనెంట్‌లో పెట్టినా ఇదే ఎర్రర్ వస్తుంది. ప్రోగ్రామ్‌కు ఏ కాంపోనెంట్ తోడు కావాలో ఇన్‌స్టాల్ ఆదేశం చూసుకోదు.

ఇది చేతికి వచ్చాక, సీమేక్‌తో వచ్చే ప్యాకేజింగ్ సాధనం సీప్యాక్‌తో రెండు డెబ్ ప్యాకేజీలు (డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో వాడేవి), కాంపోనెంట్‌కు ఒకటి చొప్పున తయారుచేయండి. డెబ్ కాంపోనెంట్ ఇన్‌స్టాల్ వేరియబుల్‌ను ఆన్ చేయకపోతే అన్నీ కలిసి ఒకే ప్యాకేజీగా వస్తాయి. ఆ ప్రాజెక్టును, రెండు మ్యానిఫెస్ట్ ఫైళ్లతో సహా, రెజ్యూమెలో లింకుగా ఇవ్వండి.