అరవై వేల కేబుళ్లు, నో-కాస్ట్ ఈఎంఐ: తీసుకోవచ్చా?

విజయవాడ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: బోనస్ డబ్బుతో లక్షా పది వేలు పెట్టి స్టీరియో యాంప్, ఒక జత టవర్ స్పీకర్లు కొన్నాను. మామూలు వైర్లు వేస్తే వీటి సత్తా బయటకు రాదంటూ షాపతను 59,300 రూపాయల కేబుళ్లకు కొటేషన్ ఇచ్చాడు. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఉందట. జీతం 58,000. ఇంటి ఖర్చులు, హోమ్‌లోన్ కలిపి 48,000 పోతాయి. అత్యవసరానికి పక్కన పెట్టింది 40,000. వడ్డీ లేదు కదా, తీసుకోమంటారా?

వద్దండీ. స్పీకర్లు అప్పు లేకుండా కొన్నారు, చాలా మంచి పని చేశారు, దాని వెనకాలే ఈ అప్పు ఎందుకు?

మీ కొటేషన్‌లో పెద్ద పద్దు స్పీకర్ వైరు. మీటరు 2,400 చొప్పున 12 మీటర్లు, అంటే 28,800. స్పీకర్ వైరులో చూడాల్సింది ప్రధానంగా రెసిస్టెన్స్ (కరెంటుకు వైరు ఎంత అడ్డుపడుతుందనేది), అది రాగి మందం మీద, పొడవు మీద ఆధారపడుతుంది. మీకు ఒక్కో స్పీకర్‌కు 6 మీటర్లు కావాలి, కరెంటు వెళ్లి రావాలి కాబట్టి 12 మీటర్ల రాగి తీగ కింద లెక్క. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే ఆ మొత్తం పొడవుకీ వచ్చే రెసిస్టెన్స్ సుమారు 0.1 ఓమ్. మీ స్పీకర్ 8 ఓమ్‌లది. అంటే వైరులో పోయేది దాదాపు 0.1 డెసిబెల్, అది చెవికి అందే తేడా కాదు. స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం లోపు ఉంటే చాలని సాధారణంగా చెప్పే లెక్క, మీది 1 శాతం చిల్లర. ఈ వైరు మీటరు 200 లోపే దొరుకుతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి: అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు కూడా అమ్ముతారు, ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. అది తీసుకోకండి.

టీవీని యాంప్‌కి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్‌కి 7,500 అసలు అర్థం లేదు. అందులో వెళ్లేది డిజిటల్ సిగ్నల్, రెండు మీటర్ల దూరానికి సర్టిఫై అయిన మామూలు కేబుల్ దాన్ని చెక్కుచెదరకుండా చేరుస్తుంది. టీవీ సౌండ్ యాంప్‌కి రాకపోతే చాలాసార్లు కారణం టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులో పెట్టకపోవడమే, ముందు అది చూడండి. ఇక 14,000 పవర్ కేబుల్... మీటరు బోర్డు నుంచి ప్లగ్ దాకా కరెంటు గోడలోని మామూలు వైరులోనే వస్తోంది, చివరి మీటరున్నర మార్చి ఏం సాధిస్తాం? ప్లేయర్ లాంటివాటి నుంచి యాంప్‌కి సౌండ్ తెచ్చే ఆర్సీఏ కేబుళ్ల జత 9,000 బదులు వెయ్యి లోపు గట్టి పిన్నులున్నది చాలు.

ఇప్పుడు ‘వడ్డీ లేదు’ సంగతి. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని షాపు డిస్కౌంట్‌గా చూపిస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీరే కట్టుకోవాలి. కార్డు రేటు ఏడాదికి 16 శాతం అనుకుంటే వడ్డీ 4,800 దాకా, దాని మీద జీఎస్టీ సుమారు 870, ప్రాసెసింగ్ ఫీజు వేరే. దీన్ని భరించొచ్చు. నాకు భయం వేసేది నెలకు 4,942 కిస్తీ గురించి. మీకు మిగిలేదే పది వేలు, అందులో సగం ఏడాది పాటు వైర్లకు కట్టేస్తున్నారు, పక్కన ఉన్న 40,000 ఒక నెల ఖర్చుకైనా సరిపోదు. ఈలోగా ఇంట్లో ఎవరికైనా ఆస్పత్రి ఖర్చు వచ్చి కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, మిగిలిన బాకీ మీద చాలా కార్డులు నెలకు మూడు, మూడున్నర శాతం వేస్తాయి. అప్పుడు ఈ కేబుళ్ల అసలు ధర తెలుస్తుంది.

వైర్లు, వాటి చివర బిగించే బనానా ప్లగ్గులు అన్నీ కలిపి ఆరు వేలు దాటదు. ఈ నెల జీతంలోంచే కొనేయండి. బిగించేటప్పుడు యాంప్ ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి. ఒక సెంటీమీటరు తొడుగు తీసి, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టండి, ఒక్క పోగు జారి పక్క టెర్మినల్‌కు తగిలినా షార్ట్ అయ్యి యాంప్ పాడవచ్చు. రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. ఒకదానికి తిరగబడితే బేస్ పలచబడిపోతుంది, జనం అప్పుడే ఖరీదైన వైరు కోసం వెతుకుతారు. సెట్‌టాప్ బాక్స్ కలపగానే గుయ్‌మని శబ్దం వస్తే కేబుల్ టీవీ వైరు పీకి చూడండి, ఆగిపోతే ఎర్త్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి శబ్దం రావడం) అక్కడే ఉంది. శబ్దం పోవడానికి ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరన్నా చెబితే దయచేసి వినకండి, అది ప్రాణాల మీదకు తెస్తుంది.

సౌండ్ ఇంకా బాగుండాలంటే స్పీకర్లను గోడకు కాస్త దూరం జరిపి, కింద తివాచీ, కిటికీకి మందం కర్టెన్ వేసి వినండి. వైరు మార్చితే రాని తేడా ఇక్కడ వస్తుంది.

కిస్తీకి పోవాల్సిన ఆ 4,942ను జీతం పడిన మర్నాడే ఆర్డీలోకి వెళ్లేలా పెట్టండి. ఏడాదికి 59,000 పైన, ఉన్నదానితో కలిపితే దాదాపు లక్ష, మీ ఇంటికి రెండు నెలల ఖర్చు. ఆరు నెలల ఖర్చు సమకూరే దాకా దీన్ని ఆపకండి. ఈలోగా హాలు పెయింటింగ్ చేయించి వైర్లు గోడలో వేయించాలనుకుంటే మాత్రం, పైపు పెద్దది వేయించడానికి, మంచి రాగికి కొంత ఎక్కువ పెట్టండి. మళ్లీ గోడ పగలగొట్టే ఖర్చు దానికి ఎన్నో రెట్లు.