లేజర్‌తో ఉత్ప్రేరకాల పరిశోధన: ఎమ్మెస్సీలో ఏది చదవాలి?

ప్రశ్న: బీఎస్సీ ఎంపీసీ చివరి ఏడాదిలో ఉన్న మా అమ్మాయి, లేజర్‌తో ప్లాటినం, పలాడియం ఉత్ప్రేరకాలను మెరుగుపరిచే పరిశోధన చేస్తానంటోంది. ఎమ్మెస్సీలో ఫిజిక్స్ తీసుకోవాలా, కెమిస్ట్రీయా? ఉద్యోగాలు ఉంటాయా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కెమిస్ట్రీ తీసుకోమనండి. ఎందుకో చెప్పాలంటే ఆ పరిశోధన స్వరూపం కొంత వివరించాలి. ఉత్ప్రేరకమంటే తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం. కారు పొగలోని హానికర వాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పలాడియం, రోడియం నానోమీటర్ల సైజు కణాలుగా అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) వంటి ఆధారంపై పరచుకుని ఉంటాయి. వీటి తయారీకి సాధారణంగా ఆధారాన్ని లోహ లవణ ద్రావణంలో నానబెట్టి, ఆరబెట్టి, వేడిచేసి, హైడ్రోజన్‌తో క్షయకరణం చేస్తారు, అంటే లవణాన్ని లోహంగా మారుస్తారు. ఇందులో లవణం తాలూకు క్లోరైడ్ మిగిలిపోవచ్చు. కణాల సైజును అదుపు చేయడానికి కర్బన పదార్థాలు వాడితే అవి చర్య జరగవలసిన ఉపరితలాన్నే కప్పేయవచ్చు. అలా కాకుండా నీటిలో ఉంచిన లోహపు రేకుపై లేజర్ పల్స్‌లు పడేలా చేస్తే, లోహం ఆవిరై శుభ్రమైన నానో కణాలుగా నీటిలో చేరుతుంది. వాటిని ఆధారపు పొడితో కలిపితే అతుక్కుంటాయి. కణం సైజును, లోహం మోతాదును విడివిడిగా మార్చుకునే వీలుండడమే ఈ పద్ధతిలో నన్ను ఎక్కువగా ఆకర్షించే అంశం. జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్-ఎసెన్ విశ్వవిద్యాలయం ఈ రంగంలో పేరుపొందింది.

సైజుకు ఇంత ప్రాధాన్యం ఎందుకో బంగారం చెబుతుంది. ముద్దగా ఉన్నప్పుడు దాదాపు ఏ చర్యకూ లొంగని ఆ లోహం, కొన్ని నానోమీటర్ల కణాలుగా ఆక్సైడ్ ఆధారంపై ఉంటే కార్బన్ మోనాక్సైడ్‌ను సున్నా డిగ్రీల కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో కూడా ఆక్సీకరిస్తుందని 1980లలో జపాన్ శాస్త్రవేత్త మసతకె హరుత చూపించారు. ఇలాంటి మార్పును కొలవడం, కారణాన్ని వివరించడం ఉపరితల రసాయనం, చర్యా వేగాల మీద పట్టున్నవారికే సాధ్యం. లేజర్ నడపడం ప్రయోగశాలలో కొన్ని నెలల్లో వస్తుంది, ఆ పట్టుకు ఏళ్లు కావాలి.

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ ప్రవేశ పరీక్ష, ఆపైన పరిశోధన ఫెలోషిప్‌కు సీఎస్‌ఐఆర్ నెట్ అర్హత పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), మద్రాస్ ఐఐటీ ఉత్ప్రేరక పరిశోధనకు మంచి చోట్లు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు లేజర్ ఉందా అని మాత్రమే కాక, ఉత్ప్రేరకాన్ని పరీక్షించే రియాక్టర్, కణాలను చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అందుబాటులో ఉన్నాయా అని కూడా అమ్మాయిని అడగమనండి.

ఉద్యోగాల విషయంలో ఉన్నదున్నట్టు చెబుతాను: లేజర్ తయారీ ఇంకా ప్రధానంగా ప్రయోగశాలల పనే. కానీ ఉత్ప్రేరకాలు తెలిసినవారు చమురు శుద్ధి కర్మాగారాలకు, పలాడియం-కార్బన్ (కార్బన్‌పై పరిచిన పలాడియం)తో హైడ్రోజనీకరణ, అంటే అణువులకు హైడ్రోజన్ జోడించే చర్య, చేసే ఔషధ సంస్థలకు ఎప్పుడూ కావాలి. అందుకే ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒక హైడ్రోజనీకరణ చర్యనైనా స్వయంగా చేసి, దాని వేగాన్ని కొలిచి చూడమనండి.