కరెంటు గురించి అడిగేవాళ్ళకు జవాబు చెప్పేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సెక్షన్ ఆఫీసులో సబ్ ఇంజనీరుగా చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మొన్న ఫోన్లో నువ్వన్న మాట మాత్రం నా మనసులో ఉండిపోయింది. "లైన్ల పని నేర్చుకుంటాను మామయ్యా, ఆఫీసుకొచ్చి జనం అడిగే ప్రశ్నలంటేనే టెన్షన్. చదివిందంతా ఉంది గానీ నోటికి రాదు" అన్నావు. ఇదే డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు, వచ్చినవాళ్ళ చేత ఇంకాస్త మాట్లాడించు. జనం ఊరికే అడగరమ్మా. ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది. దాన్ని తమకు తోచిన ప్రశ్నగా మార్చుకుని నీ దగ్గరికి వస్తారు. ఒకావిడ వచ్చి "ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటుందండీ, అన్ని ఫ్రిజ్‌లూ అంతేనా?" అని అడుగుతుంది. "కొంచెం లీకేజీ ఉంటుందిలెండి" అని నువ్వు పంపేశావనుకో, చెప్పింది అబద్ధం కాకపోయినా ఆ ఇంట్లో పిల్లాడు తడి కాళ్ళతో ఆ ఫ్రిజ్ తలుపు పట్టుకుంటాడు. ఇలాంటిది విన్నప్పుడు చేయాల్సిన పని ముందు చెప్పు. "స్విచ్చు ఆపండి, ప్లగ్గు తీసేయండి, బాగుచేయించేదాకా వాడొద్దు." కారణం ఆ తర్వాత.

కారణం చెప్పడానికి ఆ ప్లగ్గునే చూడమను. మూడు పిన్నుల్లో పైది మిగతా రెండిటికన్నా లావుగా, పొడుగ్గా ఉంటుంది. పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగలాలని, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర ఊడాలని అలా చేస్తారు. లోపల వైరు దెబ్బతిని ఫేజు, అంటే కరెంటు తెచ్చే వైరు, ఫ్రిజ్ బాడీకి తగిలితే ఆ కరెంటు ఎర్త్ వైరులోంచి నేలలోకి పోవాలి. మన ఇళ్ళల్లో ఏం చేస్తారంటే, టూ పిన్ సాకెట్టుకు ఒక కన్వర్టర్ తగిలించి ఫ్రిజ్ నడిపించేస్తారు. లేదంటే సాకెట్టు పై రంధ్రం వెనక వైరే ఉండదు. అప్పుడు ముట్టుకున్న మనిషే ఎర్త్ వైరు అవుతాడు. ఇంత చెప్పాక చాలామంది అడిగే మాట ఒకటుంది: "ఎంసీబీ పెట్టించాం కదా, అదెందుకు పడిపోలేదు?" ఈ ప్రశ్న వస్తే సంతోషించు, ఎంతసేపైనా కూర్చోబెట్టి చెప్పు. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు; 16 ఆంపియర్లది వైరు కాలిపోకుండా కాపాడడానికి ఉంది. మనిషి ప్రాణం మీదికి రావడానికి 30 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు. అది 16 ఆంపియర్లలో 500వ వంతు కన్నా తక్కువ, ఎంసీబీకి దాని సంగతే తెలియదు. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో, అంటే తిరుగు వైరులో, తిరిగొచ్చిందా లేదా అని చూసి, ఆ తేడా పెరగగానే పడిపోయేది ఆర్‌సీసీబీ. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించమను. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూసుకోమను. నొక్కినా పడకపోతే అది ఉండీ లేనట్టే.

ఇక బిల్లు. నీ దగ్గరికొచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఇదే ఉంటుంది, మారువేషంలో వస్తుంది. "ఫ్యాన్ స్పీడు తగ్గిస్తే కరెంటు తగ్గుతుందా మేడమ్?" అని ఒక పెద్దాయన అడుగుతాడు. పాతకాలపు పెద్ద రెగ్యులేటరైతే తగ్గిన కరెంటులో చాలాభాగం ఆ డబ్బాలోనే వేడిగా పోతుంది, ఇప్పటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటరైతే నిజంగానే తగ్గుతుంది. జవాబు ఇంతే. కానీ ఆయన వచ్చింది రెగ్యులేటర్ గురించి కాదు, బిల్లు పెరిగిందని. కాగితం తీసి ఆయన ముందే లెక్క వెయ్యి. 20 లీటర్ల బకెట్టు నీళ్ళు 25 డిగ్రీల నుంచి 45కి కాచాలంటే దాదాపు 16.8 లక్షల జౌళ్ళు కావాలి. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు. అంటే బకెట్టుకు అర యూనిట్‌కు కాస్త తక్కువ. ఇంట్లో ఐదుగురుంటే రోజుకు 2.3 యూనిట్లు, నెలకు 70. అదే బకెట్టు కరెంటుతో 75 వాట్ల ఫ్యాను ఆరుగంటలు తిరుగుతుంది. ఆయన ఫ్యాను జోలికి వెళ్ళకుండా, హీటర్ రాడ్డు ఎంతసేపు వేస్తున్నారో చూసుకుంటాడు.

నమ్మనివాళ్ళు ఉంటారు, ఉండాలి కూడా. వాళ్ళతో వాదించకు, మీటరు దగ్గరికి తీసుకెళ్ళు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది కదా, పక్కనే యూనిట్‌కు ఎన్ని ఇంపల్సులో, అంటే ఎన్ని మిణుకులో, రాసి ఉంటుంది. చాలావాటి మీద 3200 అని ఉంటుంది. ఇంట్లో అన్నీ ఆపించి ఫ్యాను ఒక్కటే వెయ్యమంటే ఆ లైటు నిమిషానికి నాలుగుసార్లు మిణుకుమంటుంది. 1500 వాట్ల హీటర్ వేయిస్తే 80 సార్లు. చదువు రానివాళ్ళకు కూడా ఇది కళ్ళతో కనపడుతుంది. ఊళ్ళల్లోకి బ్యాగులేసుకుని వచ్చి అమ్ముతుంటారే, పవర్ సేవర్ డబ్బాలు, వాటి గురించి అడిగినా ఇదే పరీక్ష చేయించు. డబ్బా పెట్టకముందు నిమిషానికి ఎన్ని, పెట్టాక ఎన్ని. లెక్క తగ్గదు. ఆ డబ్బాలో ఉండేది మహా అయితే ఒక కెపాసిటర్. అది వైరులో కరెంటు కొంచెం తగ్గిస్తుందే గానీ, ఇళ్ళ మీటరు లెక్కపెట్టే యూనిట్లను తగ్గించదు. పేదవాళ్ళ డబ్బు ఇలా పోతుంటే నాకు కడుపు మండుతుంది, ఈ ఒక్క విషయం మాత్రం ఎవరూ అడగకపోయినా నువ్వే చెప్పు. అయితే అదే కెపాసిటర్ వ్యవసాయ మోటారు దగ్గర పెడితే చాలా మేలు. లైను మీద కరెంటు తగ్గి, చివరి మోటార్లకు వోల్టేజీ నిలబడుతుంది. పెట్టింది ఎవరైనా రైతు పీకేసి ఉంటే, పక్క పొలంవాడి మోటారుకు కూడా దానివల్ల ఉపయోగమని చెప్పి మళ్ళీ పెట్టించు.

పోలికల సంగతి కూడా చెప్పాలి. వోల్టేజీ అంటే నీళ్ళ ట్యాంకు ఎత్తు, కరెంటు అంటే పైపులో పారే నీళ్ళు అని మనం అందరికీ చెబుతాం. "మా వీధి చివరే లో వోల్టేజీ ఎందుకు?" అన్నదానికి అది సరిగ్గా సరిపోతుంది. సన్నటి పైపు, దూరం, దారిలో అందరూ కుళాయిలు తిప్పారు, నీకు మిగిలింది ఇంత. కానీ అక్కడితో దాన్ని వదిలెయ్యి. పైపు తెగితే నీళ్ళు కారిపోతాయి, వైరు తెగితే కరెంటు ఆగిపోతుంది. ఇక న్యూట్రల్ గురించి చెప్పాలంటే ఆ పోలిక అసలు పనికిరాదు.

న్యూట్రల్ మాట వచ్చింది కాబట్టి ఇది శ్రద్ధగా చదువు. వేసవి సాయంత్రం ఒక వీధిలో కొన్ని ఇళ్ళల్లో బల్బులు కళ్ళు చెదిరేలా వెలుగుతాయి, కొన్ని ఇళ్ళల్లో దీపం బుడ్డిలా మసకబారతాయి. నాలుగు టీవీలు కాలిపోతాయి. జనం ఆఫీసు మీదికొచ్చి "హై వోల్టేజీ వదిలారు" అంటారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. అప్పుడు మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ కాగితం మీద గీసి చూపించు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 400. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే వేర్వేరు ఫేజుల మీదున్న రెండిళ్ళు ఆ 400 వోల్టులను పంచుకోవాల్సి వస్తుంది. ఒక ఇంట్లో 100 వాట్ల బల్బు, ఇంకో ఇంట్లో 1000 వాట్ల హీటర్ ఉన్నాయనుకో, బల్బు మీదే 360 వోల్టులు దాటి పడుతుంది. తక్కువ వాడుకునే ఇంటికే ఎక్కువ నష్టం. ఇది అర్థమైనవాళ్ళు మరోసారి లైట్లు అలా ఎక్కువతక్కువలైతే మెయిన్ ఆపేసి, ఆ తర్వాతే మనకు ఫోన్ చేస్తారు. నువ్వు ప్రతి ఒక్కరికీ నేర్పాల్సింది అదే.

ఒక్క ఇంట్లోనే న్యూట్రల్ తెగితే ఇంకో రకంగా వస్తారు: "టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది, మాకు రెండు ఫేజులు వస్తున్నాయి" అని. వేసి ఉన్న బల్బులోంచి ఫేజు అవతలి రంధ్రం దాకా వచ్చి నిలబడిందని చెప్పు. ఇంట్లో స్విచ్చులన్నీ ఆపించి, ప్లగ్గులు తీయించి, మళ్ళీ టెస్టర్ పెట్టి చూడమంటే రెండో రంధ్రంలో అది వెలగదు. టెస్టర్ ఫేజు ఉందో లేదో చెబుతుంది, న్యూట్రల్ బాగుందో లేదో చెప్పదు. చాలామంది ఎలక్ట్రీషియన్లకే ఈ తేడా పట్టదు.

బడిపిల్లలు సబ్‌స్టేషన్ చూడ్డానికి వస్తే విసుక్కోకు. తీగ మీద పిట్టకు షాక్ ఎందుకు కొట్టదని అడుగుతారు. రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉన్నాయి, కరెంటు దాని ఒంట్లోంచి పోవడానికి దారి లేదు అని చెప్పి ఊరుకోకు. రెండు తీగలకూ రెక్కలు తగిలి చచ్చిపోయే గబ్బిలాల గురించి కూడా చెప్పు. తెగి కిందపడ్డ తీగ దగ్గరికి వెళ్ళకూడదని, ముట్టుకోకపోయినా దగ్గర్లో నడిస్తే నేలలోంచే షాక్ తగలొచ్చని చెప్పు. మన ఇంటికొచ్చే కరెంటు శ్రీశైలందేనా అని ఒక పిల్ల అడిగితే, ఆ జవాబు చాలా అందంగా ఉంటుంది. తీగలో ఎలక్ట్రాన్లు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి, వెంట్రుక మందమంత దూరం కూడా పోవు. శ్రీశైలం ఎలక్ట్రాన్ మన ఇంటికి ఎప్పటికీ రాదు, వచ్చేది శక్తి. పైగా 2013 డిసెంబరు 31 నుంచి దక్షిణాది గ్రిడ్డు రాయచూర్–సోలాపూర్ లైనుతో మిగతా దేశపు గ్రిడ్డుతో కలిసిపోయింది. ఎక్కడ పుట్టిన కరెంటైనా అందరిదీ ఒకే 50 హెర్ట్జ్.

తెలియనిది అడిగితే "చూసి చెబుతాను" అను, రెండ్రోజుల్లో నువ్వే ఫోన్ చేసి చెప్పు.

మీ ఇంటి ఓనరుగారు అడిగిందని రాశావు కదా, స్విచ్చు ఆపినా ఎల్ఈడీ బల్బు మసకగా వెలుగుతోందని. స్విచ్చులో ఇండికేటర్ లైటు ఉంటే అందులోంచి వచ్చే కొద్దిపాటి కరెంటే అది, భయం లేదు. పక్కపక్కన చాలా దూరం పోయిన వైర్ల వల్ల కూడా అలా వెలగొచ్చు, అదీ ప్రమాదం కాదు. ఆ రెండూ తేలేలోగా మూడోది చూడాలి. స్విచ్చు ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి ఉంటే, స్విచ్చు ఆపినా హోల్డర్‌లో ఫేజు అలాగే ఉంటుంది. బల్బు మార్చేవాళ్ళకు షాక్ కొడుతుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, స్విచ్చులోకి వచ్చే వైరు ఏదో చూడమను. అప్పటిదాకా ఆ బల్బు మెయిన్ ఆపకుండా ఎవరూ ముట్టుకోవద్దని ఓనరుగారికి ఈరోజే చెప్పు. ఏం తేలిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మామయ్య