దొంగ లెక్క ఎట్లా బయటపడిందో రాయి

కర్నూలు

నాయనా,

నీ వ్యాసం చదివాను. అనంతపురంలో కూర్చుని, రేమండ్ ఫిస్మన్ లాంటి ఆర్థికవేత్త పరిశోధన పట్టుకుని పన్ను ఎగవేత గురించి, లంచాల గురించి రాద్దామనుకున్నావు చూడూ, ఆ తెగువ నచ్చింది. వ్యాసం మాత్రం నచ్చలేదు. మొదటి రెండు పేజీలూ కోపమే. అవినీతి దేశాన్ని పీల్చి పిప్పి చేస్తోందని చెప్పడానికి నువ్వెందుకు? ఆ మాట ఏ టీ బంకు దగ్గరైనా ఊరికే దొరుకుతుంది.

ఇచ్చినవాడు చెప్పడు, తీసుకున్నవాడు అసలే చెప్పడు. మరి ఫిస్మన్‌కెట్లా తెలిసింది? చదివేవాడు అడిగే మొదటి ప్రశ్న ఇదే. నువ్వు 'పరిశోధనలో తేలింది' అని ఒక్క ముక్కతో దాటేశావు. కథంతా అక్కడే ఉంది కదా!

హాంకాంగ్ సంగతే తీసుకో. ఫిస్మన్, షాంగ్‌జిన్ వెయ్ అనే ఇంకో ఆర్థికవేత్త కలిసి ఈ పరిశోధనను 2004లో అచ్చువేశారు. హాంకాంగ్ నుంచి చైనాకు సరుకు పోతుంది. పంపేచోట ఒక లెక్క రాస్తారు, దిగేచోట ఇంకో లెక్క రాస్తారు. రెండూ సర్కారు లెక్కలే. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ కలవలేదు. దేని మీద పన్ను ఎక్కువో దాంట్లోనే తేడా ఎక్కువ. పన్ను రేటు ఒక్క శాతం పాయింటు పెరిగితే ఎగవేత సుమారు 3 శాతం పెరుగుతోందని లెక్క తేలింది. ఇంకో తమాషా కూడా ఉంది. కొంత సరుకు మాయం కాలేదు, పేరు మార్చుకుంది. ఎక్కువ పన్ను కట్టాల్సిన రకం, తక్కువ పన్ను ఉన్న దగ్గరి రకం పేరుతో దిగింది. మన మార్కెట్ యార్డుల్లో 'జీరో'లో, అంటే బిల్లు లేకుండా పోయే బస్తాల సంగతి తెలిసినవాళ్లు దీన్ని ఎంత ఇష్టంగా చదువుతారో! నువ్వేమో వాళ్లకు నీతి చెబుతున్నావు.

ఇండోనేషియా మీద ఫిస్మన్ చేసిన పని ఇంకా సొగసైంది. అక్కడ అప్పటి అధ్యక్షుడు సుహార్తో ఆరోగ్యం బాగాలేదని పుకారు పుట్టినప్పుడల్లా జకార్తా మార్కెట్లో ఆయన మనుషుల కంపెనీల షేర్లు మిగతావాటికంటే ఎక్కువ పడేవి. ఎంత ఎక్కువ పడ్డాయో అదే పలుకుబడి ఖరీదు. ఎవర్నీ ఒక్క ప్రశ్న అడగకుండా లాగిన గుట్టు ఇది. న్యూయార్క్‌లో దౌత్యాధికారులు కట్టని పార్కింగ్ జరిమానాల కథ నీకు బాగానే కుదిరింది, దాన్ని కదిలించొద్దు.

నల్లధనం మొత్తం ఇంత అని ఒక పెద్ద అంకె వేశావు. ఎవరిదా అంకె, ఏ ఏడాదిది? నల్లధనం, పన్ను ఎగవేతల మీద కేంద్రం వేసిన వాంఛూ కమిటీ 1968-69 సంవత్సరానికి పన్ను ఎగ్గొట్టిన ఆదాయం 1,400 కోట్లని చెప్పింది. అదే కమిటీలో కూర్చున్న రంగ్నేకర్ ఒప్పుకోక, అదే ఏడాదికి దాదాపు రెట్టింపు చెప్పాడు. ఒకే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకే కుదరలేదు. అంకె వేస్తే, దాన్ని ఎట్లా కట్టారో కూడా రాయి. రాయలేకపోతే తీసెయ్.

నాకు కొంచెం కోపం తెప్పించింది ఇంకొకటి. చైనాకు, న్యూయార్క్‌కు పోయావు, నీ ఇంటి ముందు జరిగిన పరిశోధనను మాత్రం చూడలేదు. ఉపాధి హామీ మొదలైందే మీ జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆ తర్వాత కూలి డబ్బులు వేలిముద్ర కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాలు తీసుకున్నారు. అందులో అనంతపురం, కడప, కర్నూలు మూడూ ఉన్నాయి. 157 మండలాల్లో ఎవరికి ముందు కార్డులు, ఎవరికి తర్వాత అన్నది లాటరీతో తేల్చారు. 2012లో రికార్డుల్లో పేర్లున్న ఇళ్లకు పోయి, ఎన్ని రోజులు పనికి పోయారు, చేతికి ఎంత వచ్చింది అని అడిగారు. ఇక్కడా రెండు లెక్కలే: మస్టర్‌లో రాసింది ఒకటి, పనికి పోయిన కూలీ చెప్పింది ఇంకొకటి. ముందు కార్డులొచ్చిన మండలాల్లో సర్కారు ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఇంటికి చేరిన కూలి మాత్రం 24 శాతం ఎక్కువ. మధ్యలో ఎవరి జేబుకు చిల్లు పడిందో నువ్వు చెప్పక్కర్లేదు, చదివేవాడే చెప్పుకుంటాడు. వ్యాసం ఇక్కడ మొదలుపెట్టు. హాంకాంగ్ రెండో పేజీలో రావచ్చు.

మీ వీధి వ్యాపారి పేరు, ఫలానా ఆఫీసు గుమస్తా పేరు కొట్టేశాను. చేతిలో కాగితం లేకుండా పేరు రాస్తే రేపు కోర్టు నోటీసు వచ్చేది నీకే. ఆ టెన్షన్ నీకెందుకు?

ఒకసారి నార్పల దిక్కు పోయిరా. కూలి డబ్బుల కోసం పోస్టాఫీసు ముందు పడిగాపులు పడ్డవాళ్లు ఇంకా ఉంటారు. అప్పుడు చేతికి ఎంత వచ్చేదో, ఎన్నాళ్లకు వచ్చేదో అడుగు. వాళ్ల మాట రాసుకున్నాకే రెండో ప్రతి పంపు. ఈసారి పేజీకి ఒకవైపే రాయి, నా కళ్లు ముందులా లేవు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన