అట్ట కవరా, ప్లాస్టిక్ డబ్బానా? కీర్తనల సీడీకి నేనైతే ఏది వేయిస్తానంటే

మీరు అడిగింది ఇది: సంగీతం టీచర్‌గారు పాడిన పన్నెండు అన్నమయ్య కీర్తనలు 500 సీడీలు వేయిస్తున్నారు, బ్రహ్మోత్సవాల లోపల చేతికి రావాలి, కొన్ని అమెరికాలో ఉన్న శిష్యులకు పంపాలి. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించాలా, అట్ట కవరులోనా అని.

మాకు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర క్యాసెట్ల అంగడి ఉండేది. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి. సీడీలు పోయి పెన్‌డ్రైవ్‌లో పాటలెక్కించే పని వచ్చింది. అదీ పోయాక అంగడి మూసేశాం. ఈ మధ్యలో ఇద్దరు ముగ్గురు కళాకారులకు సొంత సీడీలు దగ్గరుండి వేయించి పెట్టాను. అమ్మడమూ తెలుసు, చేతులు కాల్చుకోవడమూ తెలుసు.

నా ఓటు అట్టకే. కానీ ప్రెస్ వాళ్ళు ముందుగా చూపించే అట్ట కవరుకు మాత్రం కాదు. ఎందుకో చెప్తాను.

చాలా ఏళ్ళు నేను ప్లాస్టిక్ డబ్బా పక్షమే. అంగడివాడికి అది సుఖం. అరలో నిలబెడితే వరసగా నిలబడుతుంది, అంచు మీద పేరు కనబడుతుంది, కస్టమర్ అడగ్గానే వేలు పెట్టి తీసివ్వొచ్చు. అట్ట కవర్లయితే పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి పడుంటాయి, కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది. పైగా డబ్బా కొలత ప్రపంచమంతా ఒకటే: పొడవు 14.2 సెంటీమీటర్లు, వెడల్పు 12.5, మందం 1 సెంటీమీటరు. ఒకటి పగిలితే ఏ పాత సీడీ డబ్బానైనా తెచ్చి మార్చేయొచ్చు. లోపలి పుస్తకం, వెనక కాగితం తీసి కొత్తదాంట్లో దూర్చేస్తే సరి. అట్ట చిరిగితే అతికించుకోవడమే తప్ప మార్చడం లేదు.

అయితే డబ్బా పగలడం అనేది అప్పుడప్పుడు జరిగే పని కాదు. ఆ ప్లాస్టిక్ పాలీస్టైరిన్. అద్దంలా మెరుస్తుంది, అద్దంలాగే విరుగుతుంది. మొదట విరిగేవి మూతను పట్టుకునే రెండు చెవులు. తర్వాత మధ్యలో డిస్క్‌ను బిగించే పళ్ళు. చెన్నై నుంచి పార్సిల్ రాగానే మా అంగట్లో పిల్లోడు ఒక్కో డబ్బా తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. గలగలమందంటే పళ్ళు రాలాయని లెక్క. రాలిన ముక్కలు ఊరికే ఉండవు, దారి పొడుగునా డిస్క్ మీద దొర్లుతూ గీతలు పెడతాయి. సీల్ తియ్యని కొత్త సీడీ కూడా గీతలతో వచ్చేది. కస్టమర్ మాత్రం మేమే పాతది అంటగట్టామనుకునేవాడు.

కొనుక్కున్నవాళ్ళు కూడా డిస్క్‌ను అంచు పట్టుకుని పైకి లాగుతారు. మధ్యలో పళ్ళను వేలితో నొక్కితే అదే పైకి లేస్తుందని ఎవరూ చెప్పి ఉండరు. నెల తిరగకముందే పళ్ళు పోయి, డిస్క్ డబ్బాలో దొర్లుతూ ఉంటుంది.

మీ విషయంలో ఇంతకన్నా పెద్దది బరువు. డిస్క్ ఒక్కటే 15, 16 గ్రాములు. డబ్బా, పుస్తకం కలిపితే 100 గ్రాముల దగ్గరికి పోతుంది. అంటే పంపేదాంట్లో పాట ఆరో వంతు, మిగతాదంతా ప్లాస్టిక్కూ కాగితమూ. 500 డబ్బాలంటే దాదాపు 50 కిలోలు, ఒకదాని మీద ఒకటి పేరిస్తే 5 మీటర్ల ఎత్తు. అట్ట కవరు డిస్క్‌తో కలిపి ఆ బరువులో సగం కూడా ఉండదు. అమెరికాకు పంపేటప్పుడు ఈ తేడా సీడీ ఖరీదునే మింగేస్తుంది. పోనీ బరువుకు సిద్ధపడి పంపామే అనుకోండి, దిగాక అక్కడివాళ్ళు పంపే ఫొటో పగిలిన మూతదే.

ఇక అట్ట సంగతి. నేను మొదటిసారి అట్ట కవర్లు వేయించింది ఒక వయొలిన్ విద్వాంసుడి కోసం. అప్పుడు మూడు తప్పులు జరిగాయి. మూడూ చెప్తాను, మీకు పనికొస్తాయి.

ఒకటి, జేబు బిగుతు. డిస్క్ 12 సెంటీమీటర్లు కదా, కవరు 12.5 ఉంటే చాలు అన్నాడు ప్రెస్ అతను. బయటి కొలత 12.5 ఉంటే, రెండు పక్కలా బంక అతికించే అంచు పోగా లోపల మిగిలింది 12కి ఒక వెంట్రుకవాసి ఎక్కువ. డిస్క్ లోపలికి పోయింది, బయటికి రాలేదు. బయటికి లాగాలంటే బొటనవేలు మెరిసే వైపు ఆనించి లాగాల్సిందే. జేబులో దుమ్ము రేణువు ఒక్కటున్నా గీత పడుతుంది. మీరు ప్రెస్‌కు పోయేటప్పుడు ఒక డిస్క్ జేబులో వేసుకుని పొండి. నమూనా కవరు అతికించి ఇచ్చాక, ఒంటిచేత్తో వంచి తడితే డిస్క్ జారి రావాలి. తలకిందులు చేస్తే మాత్రం పడిపోకూడదు.

రెండోది బంక. జేబు అంచుకు బంక ఎక్కువైతే లోపలికి పాకుతుంది. వేసిన రోజు తెలియదు. మే నెలలో తిరుపతి ఎండకు మిద్దె కింద గది ఉడికిపోతుంది కదా, అప్పుడు మెత్తబడి డిస్క్ అంచుకు పట్టుకుంది. నలభై యాభై డిస్కులను అలా వేరు చేసి తుడిచాను.

మూడోది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, అప్పుడు ఏడుపొచ్చింది. ప్రింటింగ్ శివకాశిలో. అక్కడ డిజైన్ ఫైలు తెరిచిన పిల్లాడికి తెలుగు రాదు, వాడి కంప్యూటర్లో మన తెలుగు ఫాంటూ లేదు. ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. భక్తి భకతి అయింది. ప్రూఫ్ నేనే చూసి ఉండాల్సింది, ఫోన్లో సరేనన్నాను. మీరు మాత్రం అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంటు లేకున్నా చెదరని గీతల బొమ్మలుగా, మార్చి పీడీఎఫ్ పంపండి, ఒక ముద్రించిన కాగితం చేతిలోకి వచ్చాకే సరేనండి. కీర్తనల సాహిత్యం చిన్న అక్షరాల్లో వేస్తారు కాబట్టి ఒత్తులు అలుక్కుపోకుండా ఉన్నాయో లేదో కాగితం మీదే తెలుస్తుంది, తెర మీద కాదు.

ఇప్పుడు అసలు నేను అట్టకు ఎందుకు మారానో. 2021 నవంబరు వాన మీకు గుర్తుండే ఉంటుంది, తిరుపతిలో ఆ 18వ తేదీ రాత్రి ఎవరు నిద్రపోయారు కనక. అంగడి మూశాక మిగిలిన సరుకు కిందింటి గదిలో పెట్టి ఉన్నాను. మోకాటి లోతు నీళ్ళొచ్చాయి. అట్టపెట్టెలో అట్ట కవర్లు, పక్కనే ప్లాస్టిక్ డబ్బాలు. డబ్బాలు బతుకుతాయి, అట్టలు పోతాయి అనుకుంటూనే వెళ్ళాను. చూస్తే డబ్బాల్లో సన్న బురదనీళ్ళు నిలబడి ఉన్నాయి, లోపలి పుస్తకాలు నానబెట్టిన అటుకుల్లా అయ్యాయి. ఆ డబ్బా దుమ్మును ఆపుతుందే కానీ నీళ్ళను ఆపదు, చుట్టూ సందులే. అట్ట కవర్లు ఉబ్బి, లామినేషన్ ఊడి, నాలుగు రోజుల్లో బూజు పట్టాయి. డిస్కులు మాత్రం రెండిట్లోనూ బాగానే ఉన్నాయి. బకెట్లో మంచినీళ్ళు పోసి కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి ఆరబెడితే ప్లేయర్లో ఎగరకుండా పాడాయి. గుండ్రంగా తుడవకండి, ట్రాక్ వెంట పడే గీతను ప్లేయర్ సర్దుకోలేదు. పేరు ముద్రించిన వైపు మరీ జాగ్రత్త. పాటను చదివించే పల్చటి అల్యూమినియం పొర ఆ పక్కనే, పూత కిందే ఉంటుంది. మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అడ్డం ఉంది. అందరూ మెరిసే వైపునే కాపాడుతారు, పేరున్న వైపు కిందికి ఆనించి పెట్టడానికి మాత్రం భయపడరు.

అంటే ఇన్నేళ్ళూ డిస్క్‌ను కాపాడుతుందని నేను అమ్మిన డబ్బా, వరదలో కాపాడింది తనను తానే. దానికోసమా 50 కిలోలు మోయడం అనిపించింది.

పర్యావరణం కోసం అట్ట అని కొందరంటారు. ఆ మాట నేను గట్టిగా చెప్పలేను. లామినేషన్ చేసిన అట్ట మీద ప్లాస్టిక్ పొరే ఉంటుంది, దాన్ని మళ్ళీ కాగితంగా చేయడం కష్టం. లామినేషన్ బదులు వార్నిష్ పూత అడగండి, కాస్త మెరుపు తగ్గుతుంది, అంతే. అట్టంటే దానంతటదే పొదుపు కూడా కాదు. అమెరికాలో 1993 ఏప్రిల్ దాకా ఈ చిన్న డబ్బాను 12 అంగుళాల పొడవున్న అట్టపెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళు. పాత రికార్డుల అరల్లో సరిగ్గా నిలబడాలని! కొన్నవాడు ఇంటికి పోగానే ఆ పెట్టె చెత్తబుట్టలోకే. జనం, కళాకారులు గోల చేస్తే ఆపారు. ప్లాస్టిక్ వైపు చూస్తే, పగిలిన సీడీ డబ్బాను మన పాత సామాన్లవాడు తీసుకోడు. నేను అడిగి చూశాను, ఇనుముంటే ఇవ్వు అన్నాడు. కొండ మీద ఎవరికైనా పంచాలనుకుంటే ఇంకో చిక్కు. 2022 జూన్ నుంచి తిరుమలలో ప్లాస్టిక్ నిషేధం గట్టిగా అమలు చేస్తున్నారు, అలిపిరి దగ్గరే సంచులు చూస్తారు. సీడీ డబ్బా ఆ లెక్కలోకి వస్తుందా రాదా అని అక్కడ నిలబడి వాదించే ఓపిక నాకైతే లేదు.

అట్ట బయట, ప్లాస్టిక్ పళ్ళ పలక లోపల అతికించిన రకం ఒకటుంది, డిజిపాక్ అంటారు. చూడ్డానికి బాగుంటుంది. నాకు మాత్రం అది రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టు. పళ్ళు విరిగితే పలక మార్చలేం, అట్టకు అంటి ఉంటుంది. ఖర్చూ ఎక్కువే. వద్దు.

నేనైతే ఇలా వేయిస్తాను. 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) ఆర్ట్ కార్డు అనే నున్నటి అట్ట, పుస్తకంలా తెరుచుకునేది, మధ్యలో 4, 5 మిల్లీమీటర్ల వీపు. వీపు మీద టీచర్‌గారి పేరు తప్పక ఉండాలి, లేకపోతే బీరువాలో ఇది పెళ్ళిపత్రికల మధ్య కలిసిపోతుంది. కుడివైపు జేబులో డిస్క్, దానికి లోపల పల్చటి పాలీప్రొపిలీన్ కవరు. పీవీసీ కవరు ఇస్తానంటే ఒద్దనండి, ఎండకు అది డిస్క్‌కు అతుక్కుంటుంది. ఎడమవైపు జేబులో సాహిత్యం పుస్తకం. ప్లాస్టిక్ డబ్బాలో పుస్తకాన్ని నాలుగు కొనల కింద దూర్చాలి, పెద్దవాళ్ళు తీసి పెట్టేసరికి అంచులు చిరుగుతాయి. కీర్తనల సీడీ కొనేవాళ్ళలో సగం మంది పాట వినడం కన్నా పుస్తకం చూసి నేర్చుకోవడానికే కొంటారు, మా అంగట్లో చూశాను. రాగం, తాళంతో పాటు బాణీ కట్టినవారి పేరూ వేయండి. మాటలు అన్నమయ్యవే కానీ బాణీలు చాలావరకు మన కాలంవాళ్ళవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారివి, నేదునూరి కృష్ణమూర్తిగారివి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారివి ఉంటాయి. పేరు లేకుండా వేస్తే తప్పు, అనుమతి కావలసినవి ముందే చూసుకోండి.

అట్టకు ఒక శత్రువు మన ఇళ్ళలోనే ఉంది: పూజగది. ఇలాంటి సీడీ చివరకు చేరేది అక్కడికే. దీపం నూనె, పసుపు చేతులు, కర్పూరం పొగ. తెల్లటి అట్ట ఏడాదికి గుర్తుపట్టలేకుండా అవుతుంది. అందుకని కవరు రంగు ముదురుగా ఎంచుకోండి. ఎరుపో, పసుపు కలిసిన గోధుమ రంగో అయితే మరక కూడా డిజైన్‌లో కలిసిపోతుంది.

500 కూ అట్టే వద్దు. 450 అట్టలో వేయించి, ఒక 50 డిస్కులు విడిగా తీసుకుని మామూలు డబ్బాల్లో పెట్టించండి. టీచర్‌గారి ఇంట్లో దాచడానికి, లైబ్రరీలకు, సంగీత కాలేజీకి ఇవ్వడానికి. అరలో కదలకుండా ఉండేచోట డబ్బాకు మించింది లేదు. డబ్బా పాడైనా మార్చుకుంటారు. పీడీఎఫ్ మాత్రం రెండు మూడు చోట్ల దాచండి. వరద తర్వాత నా దగ్గర ఫైలు ఉండబట్టే జిరాక్స్ అంగట్లో కాగితాలు తీయించి, కడిగిన డిస్కులకు మళ్ళీ పేరు తెచ్చుకున్నాను. అన్నమయ్య పాటలు మనదాకా వచ్చింది కూడా, ఎవరో రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో ఓ అరలో భద్రం చేసి ఉండబట్టే కదా.

ఇంకొకటి, డిస్కులు ఫ్యాక్టరీలో అచ్చు వేసినవా, ఖాళీ డిస్కుల్లో పాటలెక్కించి రైట్ చేసినవా అని అడగండి. 500 అంటే కొందరు రైట్ చేసిన సీడీలే ఇచ్చేస్తారు. వెనక్కి తిప్పి చూడండి: అచ్చు వేసినది వెండిలా ఉంటుంది, రైట్ చేసినదానికి పచ్చగానో నీలంగానో ఛాయ ఉంటుంది. ఆ రంగు ఎండకూ వెలుతురుకూ తట్టుకోదు, ఏ కవరులో పెట్టినా దాని ఆయుష్షు తక్కువే. కవరు వెనక ఒక క్యూఆర్ కోడ్ కూడా వేయించండి, కొత్త కార్లలో సీడీ పెట్టే చోటే ఉండటం లేదు.

బ్రహ్మోత్సవాల లోపల అన్నారు కాబట్టి ఫైలు జులైలోనే శివకాశికి చేరేలా చూసుకోండి. ఆగస్టు దాటితే వాళ్ళకు కొత్త సంవత్సరం క్యాలెండర్ల పని ఊపందుకుంటుంది, మన 450 కవర్లను ఎవరూ పట్టించుకోరు. నాది ఒకసారి దీపావళి దాటాక వచ్చింది.